హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు



చదువు పుస్తకములలో నున్నదని మనము నిత్యము చెప్పుకొందుము. అది నిజమే. కాని పుస్తకమునకంటె ముందు చెవి యున్నది. తల్లి పాడిన జోలపాట, తాత చెప్పిన కథ, సంక్రాంతి దినములలో వాకిట నిలిచి హరిదాసు పాడిన కీర్తన, గుడి మండపములో ప్రొద్దుపోవువరకు విన్న హరికథ - ఇవి యన్నియు మనకు అక్షరములు రాకముందే భాష నేర్పిన గురువులు. అట్టి యొక చిన్న కూటములో పదిమంది నడుమ కూర్చుండి కథ విన్న యొక యువకుడు, ఇంటికి మరలి వచ్చునప్పటికి తాను జీవితమున చేయవలసిన పని యేదో తెలిసికొనెను. ఆ యొక్క వినికిడి వలన తెలుగునకు ఒక గొప్ప కళ సమకూరెను. ఆ యువకుడే అనంతర కాలమున హరికథా పితామహుడని కీర్తి గాంచిన ఆదిభట్ల నారాయణదాసుగారు. వారి జీవిత వృత్తాంతమును మీకు తెలుపుటకే ఈ వ్యాసము.

నారాయణదాసుగారు 1864వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన అజ్జాడ యను పల్లెలో జన్మించిరి. ఆ పల్లె బొబ్బిలి ప్రాంతమున, బలిజిపేటకు చేరువలో నున్నది. నేడది ఆంధ్రప్రదేశమునందలి పార్వతీపురం మన్యం జిల్లాలోనిది. తండ్రి వేంకటచయనులు, తల్లి లక్ష్మీనరసమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. దాసు అను మాట పుట్టుకతో వచ్చినది కాదు. హరికథ చెప్పుట వలన పేరునకు చేరినది. ఆ కుటుంబము పాండిత్యము గలదే గాని కలిమి గలది కాదు. కావున బాలుని కాలమునకు బడికి పంపి, పుస్తకములు కొనిపెట్టి చదివించుటకు వీలు చిక్కలేదు.

బడి లేకున్నను బాలునకు చదువు ఆగలేదు. ఇంట పెద్దలు పద్యములు చదువుచుండగా వినెడివాడు. విన్నదానిని మరల పలికెడివాడు. పోతనగారి భాగవతములోని పద్యములు ఎన్నియో ఆ విధముగా, వ్రాత నేర్వకముందే కంఠస్థమయ్యెను. ఈ సందర్భమున ఒక కథ చెప్పుకొందురు. చిన్నతనమున ఆ బాలుడు తల్లితో కలిసి పోవుచు ఒక పుస్తకముల దుకాణము కడ నిలిచి, భాగవతము కొనిపెట్టుమని మారాము చేసెనట. దుకాణదారు ఆ పసివానిని చూచి నవ్వి, అంతటి గ్రంథము నీకేమి తెలియునని పరిహాసమాడెనట. బాలుడు వెంటనే భాగవత పద్యములను రాగయుక్తముగా చదువ నారంభించెను. దుకాణదారు విస్మయము చెంది, వెల పుచ్చుకొనక పుస్తకమును బాలుని చేతిలో పెట్టి దీవించి పంపెనని ప్రతీతి.

కంఠము బాగుగ నున్న పిల్లవానిని ఊరు ఊరకుండనీయదు. అమ్మమ్మగారి ఊర నున్నపుడు ఆ బాలుని పాటను బొబ్బిలి సంస్థానమునకు చెందిన సంగీత విద్వాంసుడు వాసా సాంబయ్యగారు వినిరి. విని ముచ్చటపడి, బాలుని తమవెంట బొబ్బిలికి తీసికొనిపోయి సంగీతమున శిక్షణ మొసంగిరి. అదియే వారు గురుముఖమున నేర్చిన తొలి సంగీతము. అటుపిమ్మట న్యాయవాదియైన అన్నగారు తమ్ముని ఇంగ్లీషు చదువునకై విజయనగరమునకు రప్పించిరి.

ఆ రోజులలో విజయనగరము విద్యలకు పుట్టినిల్లు. గజపతుల ఆస్థానమున సంస్కృత పండితులు, వైణికులు, గాయకులు, మల్లులు ఆదరము పొందుచుండిరి. కన్యాశుల్క నాటక కర్తయైన గురజాడ అప్పారావుగారు దాసుగారికి రెండేండ్లు పెద్ద. ఆయన కూడ ఆ పట్టణముననే చదివి, ఆ సంస్థానముననే కొలువు చేసినవారు. అట్టి పట్టణములో ఇంగ్లీషు చదువు చదివి ఒక ఉద్యోగము సంపాదించుట ఆనాటి యువకులకు తెరచియున్న రాజమార్గము. సూర్యనారాయణ ఆ మార్గముననే నడువవలసినవాడు. కాని 1883వ సంవత్సరమున జరిగిన యొక సంఘటన ఆతనిని వేఱు దారికి మరల్చెను.

ఆ సంఘటనను చెప్పుటకు ముందు హరికథ యెక్కడనుండి వచ్చినదో రెండు మాటలు చెప్పవలెను. మహారాష్ట్రమున కీర్తనమను కళ చిరకాలముగ నున్నది. ఒక కథకుడు నిలువబడి, భక్తుల చరిత్రములను పాటతోను మాటతోను చెప్పుట దాని పద్ధతి. తంజావూరును మరాఠా రాజులు పాలించిన కాలమున ఆ కీర్తనము దక్షిణమునకు వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున మోర్గాంవ్‌కర్ బావా అను మహారాష్ట్ర కీర్తనకారుడు తంజావూరున కథలు చెప్పి జనుల నాకర్షించెను. తంజావూరు కృష్ణ భాగవతారు ఆ పోకడలను గ్రహించి, కర్ణాటక సంగీతముతో జోడించి, తమిళదేశమున కథాకాలక్షేపమునకు ఒక రూపము దిద్దెను. కన్నడదేశమున హరికథెగా, దాసుల పదములతో కూడి అది వెలసినది. చూచితిరా! ఒక కళ ఎన్ని భాషల ఎల్లలు దాటినదో! దానిని దాటించినవి రాజశాసనములు కావు. ఒక ఊరివారు పాడగా మరియొక ఊరివారు కూర్చుండి వినుటయే దానిని దాటించినది.

1883లో మదరాసు నుండి కుప్పుస్వామినాయుడు అను కథకుడు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పెను. పందొమ్మిదేండ్ల సూర్యనారాయణ దానిని వినబోయెను. అట్టి కూటములు ఎట్లుండునో మన పెద్దలు ఎరుగుదురు. టికెట్టు లేదు, ఎత్తైన రంగస్థలము లేదు. పందిరి క్రింద చాపలు పరచుదురు. ముందు పిల్లలు, ఒక ప్రక్క స్త్రీలు, వెనుక పురుషులు కూర్చుందురు. కథకునకును శ్రోతలకును నడుమ రెండు మూరల దూరము మాత్రమే యుండును. కథకుని నుదుట చెమట పట్టుట, చిరుతలు పట్టిన వ్రేళ్ళు కదలుట, మృదంగము వాయించువాని కనుసన్న - సమస్తమును కనబడుచుండును. ఒక్క మనిషి నిలువబడి, రాజును తానే, భటుడును తానే, తల్లియు బిడ్డయు తానే యగుచు, ఇంతమందిని నవ్వించి యేడిపించుట చూచి ఆ యువకుడు పరవశుడయ్యెను.

ఇంత మాత్రమే యైనచో అందరును చేయునదే. మంచి కథ వినిన రాత్రి మనమందరము ఆనందింతుము. మరునాడు మన పనులలో మనముందుము. కాని ఆతడు వేఱొక విషయమును గమనించెను. తనకు కంఠమున్నది, సాంబయ్యగారు పెట్టిన సంగీత భిక్ష యున్నది, నోటికి వచ్చిన పద్యములున్నవి, కవిత్వము చెప్పు శక్తి యున్నది. ఇవి యన్నియు విడివిడిగా నున్నపుడు వేటికవి చిన్న విద్యలు. హరికథలో ఇవి యన్నియు ఒక్కచోట కలియుచున్నవి. తాను ఇంతకాలము విని నేర్చినదంతయు ఈ యొక్క కళ కొరకే నేర్చినట్లు ఆతనికి తోచెను.

ఆ యేడే ఆతడు ధ్రువ చరిత్రమును తెలుగున హరికథగా రచించి, విజయనగరములోని వేణుగోపాలస్వామి ఆలయమున చెప్పెను. అది వారి తొలి కథ. సవతి తల్లిచే తిరస్కరింపబడిన ఐదేండ్ల బాలుడు అడవికి పోయి తపస్సు చేసి స్థిరపదమును పొందుట ఆ కథ. ఆనాడు సూర్యనారాయణ అను విద్యార్థి పోయి, నారాయణదాసను కథకుడు పుట్టెను. ఉద్యోగపు ఆశ వదలి కాళ్ళకు గజ్జెలు కట్టుట లోకులు ఊరకే మెచ్చుకొను పని కాదు. గజ్జె కట్టి ఆడుట, పదిమంది ముందు చేయి చాచి సంభావన పుచ్చుకొనుట చదువుకొన్నవానికి తగదని తలచువారు ఏ కాలమునను ఉందురు. ఆ తలంపును మార్చుటకు దాసుగారు వాదములు చేయలేదు. కథను అంత ఉన్నతముగా చెప్పి, ఆ గజ్జెలకే గౌరవము తెచ్చిరి.

తెలుగు హరికథ యొక్క స్వరూపమును వారు ఎట్లు దిద్దిరో మీరు తెలిసికొనవలెను. పట్టుపంచె కట్టి, మెడలో పూలదండ వేసికొని, చేత చిరుతలు, కాళ్ళకు గజ్జెలతో దాసు నిలుచును. మృదంగము, వయొలిన్ తోడుగ నుండును. కథ వచనముతో సాగును. భావము హెచ్చినచోట పద్యము వచ్చును. ఇంకను హెచ్చినచోట కీర్తన వచ్చును. ఉత్సాహము పొంగినచోట అడుగులు ఆడును. నడుమ నడుమ శ్రోతలు అలసిపోకుండ ఒక పిట్టకథ, ఒక చమత్కారము పడును. మన యక్షగానములలోని దరువులు, ద్విపదలు, మంజరులు, రగడలు, చూర్ణికలు - తెలుగుదేశమున పల్లెపల్లెన వినబడుచుండిన ఈ రచనా భేదములను దాసుగారు హరికథలో పొదిగిరి. కర్ణాటక సంగీత రాగములతో వానిని అలంకరించిరి. ఇట్లు బయటనుండి వచ్చిన కళకు మన నేలలో వేళ్ళు తన్నునట్లు చేసిరి. ఆనాటి నుండి తెలుగు హరికథ తెలుగు కళయే యయ్యెను.

ఇది యెంత కష్టమైన పనియో ఆలోచింపుడు. నాటకములో ఒకడు మరచినచో మరియొకడు అందించును. కచేరిలో గాయకునకు ఆడవలసిన పని లేదు. నాట్యమున నర్తకికి పాడవలసిన పని లేదు. హరికథలో ఇవి యన్నియు ఒక్కని పైననే పడును. పైగా ఆ కాలమున మైకులు లేవు. దివిటీల వెలుగులో, వేలకొలది జనుల నడుమ, చివర కూర్చున్న ముదుసలి చెవికి కూడ మాట చేరవలెను. దాసుగారి కంఠము అట్టి బలము గలదని విన్నవారందరును చెప్పిరి. కాని బలమొక్కటియే చాలదు. కూర్చున్నవారిలో పండితుడుండును, పొలము దున్ని వచ్చిన రైతుండును. పండితునకు శ్లోకము కావలెను. రైతునకు కథ కావలెను. ఒకే మాటతో ఇరువురిని మెప్పించుట దాసుగారి ప్రత్యేకత. శ్రోతల ముఖములను చూచుచు, ఎచట ఆపవలెనో ఎచట పెంచవలెనో అప్పటికప్పుడు నిర్ణయించుకొనెడివారు. అందువలననే ఒకే కథను ఎన్ని మారులు విన్నను క్రొత్తగా నుండెడిది.

ఇక మన ప్రాంతపు ముచ్చట. తొలి కథ చెప్పిన తరువాత ఆ తొలి సంవత్సరములలోనే దాసుగారు ఉత్తరముగ పయనించి మన గంజాం సీమకు వచ్చిరి. ఛత్రపురమునను, బరంపురమునను కథలు చెప్పిరి, అవధానములు చేసిరి. అప్పటికి వారికి ఇరువది యేండ్లు అటునిటుగ నుండును. అంబరీష చరిత్ర, గజేంద్ర మోక్షము మున్నగునవి వారి తొలినాటి కథలలోనివే. ఆ కాలమున గంజాం జిల్లా మదరాసు రాజధానిలో నుండెను. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినపుడు బరంపురము, ఛత్రపురము ఆ రాష్ట్రములో చేరినవి. పటములో గీత మారినను, దాసుగారు కథ చెప్పిన నేల అచటనే యున్నది. మనము నిత్యము తిరుగు వీధులలోనే ఆ మహనీయుని గజ్జెల సవ్వడి వినబడినది. ఇచట విన్నవారి మెప్పే ఆ యువకునకు ముందుకు సాగుటకు ధైర్యమిచ్చినది. గొప్ప కళాకారుల చరిత్రములో తొలి శ్రోతలకును భాగమున్నదని మనము మరువరాదు.

అటు తరువాత వారు కోస్తా జిల్లాల పట్టణములందును పల్లెలందును తిరిగి కథలు చెప్పిరి. హరికథతో పాటు సాహిత్యమునను సంగీతమునను అవధానములు చేసిరి. తాళముపై వారికి గల అధికారము ఆశ్చర్యకరమైనది. రెండు చేతులతో రెండు తాళములు, రెండు పాదములతో రెండు తాళములు, శిరస్సుతో ఐదవ తాళము వేయుచు పల్లవి పాడెడివారు. ఒక చేతితో ఆదితాళమును, రెండవ చేతితో రూపకమును ఏకకాలమున వేయ ప్రయత్నింపుడు. ఆ కష్టము మీకే తెలియును. ఈ ప్రజ్ఞకు మెచ్చి పండితులు వారిని లయబ్రహ్మ యనియు, పంచముఖీ పరమేశ్వరుడనియు కొనియాడిరి.

1894 ప్రాంతమున దాసుగారు దక్షిణమునకు పయనించిరి. మదరాసున విద్వాంసుల ఎదుట పాడిరి. బెంగుళూరు మీదుగా మైసూరునకు పోయి, మహారాజు చామరాజేంద్ర ఒడయరు సమక్షమున కథ చెప్పిరి. మహారాజు ఎంతయు సంతోషించి సన్మానించెను. తమ ఆస్థానముననే యుండుమని కోరెననియు, దాసుగారు సవినయముగ తిరస్కరించి స్వస్థలమునకు మరలిరనియు చెప్పుదురు. మైసూరు ఆస్థానము సంగీత విద్వాంసులకు స్వర్గము వంటిది. దానిని కాదనుట సామాన్యము కాదు. కాని తెలుగు పలుకు వినుటకు చెవులు కాచుకొనియున్న పల్లెలు, పట్టణములు వారిని వెనుకకు పిలిచినవి. తరువాత విజయనగర ప్రభువు ఆనంద గజపతి వారిని తమ ఆస్థాన విద్వాంసునిగా గౌరవించిరి. ఆస్థానమున చేరిన పిమ్మట కూడ దాసుగారు ఊరూర కథ చెప్పుట మానలేదు.

వారు రచించిన హరికథలలో రుక్మిణీ కల్యాణము, సావిత్రీ చరిత్రము, భీష్మ చరిత్రము, హరిశ్చంద్రోపాఖ్యానము, మార్కండేయ చరిత్రము, ప్రహ్లాద చరిత్రము మిక్కిలి ప్రసిద్ధములు. రామాయణమును యథార్థ రామాయణమను పేర పలు కథలుగా రచించిరి. తొంబది రాగములతో దశవిధ రాగ నవతి కుసుమ మంజరి యను రచన చేసి సంగీత పండితులను విస్మితులను గావించిరి. తామే కవి, తామే గాయకుడు, తామే నటుడు అగుట వలన, వ్రాయునపుడే నోటికి ఎట్లు పలుకునో, కాలికి ఎట్లు ఆడునో వారికి తెలియుచుండెను. కావున వారి రచనలు చదువుటకంటె పాడుటకు, పాడుటకంటె ఆడుచు పాడుటకు ఎక్కువ అనువైనవి.

భాషల విషయమున దాసుగారి జీవితము మనకు, పలుభాషల నడుమ పెరుగుచున్న పిల్లలకు, విశేషించి గమనింపదగినది. తెలుగు, సంస్కృతము, ఇంగ్లీషులే కాక పారసీకము, అరబ్బీ కూడ వారు అభ్యసించిరి. షేక్స్పియరు నాటకములను, కాళిదాసు కావ్యములను తరచి చూచి, నవరసములకు ఉదాహరణములను ఇరువురినుండి ఏరి, నవరస తరంగిణి యను గ్రంథము రచించిరి. పారసీక కవి ఉమర్ ఖయ్యాము రుబాయతులను మూలమునుండి సంస్కృతములోనికిని, అచ్చతెలుగులోనికిని అనువదించిరి. ఆ గ్రంథము 1932లో వెలువడినది. అచ్చతెలుగనగా సంస్కృత పదముల కలయిక లేని తెలుగు. పారసీకమున నున్న సూక్ష్మభావమును మన పల్లెటూరి రైతు వాడు మాటలతో చెప్పవచ్చునని వారు నిరూపించిరి.

ఇంతటి బహుభాషా పండితుడు తన తల్లిభాషను తక్కువగా చూడలేదు. ఇతర భాషలు నేర్చిన కొలది తెలుగుపై వారి మక్కువ హెచ్చినదేకాని తగ్గలేదు. మీరు బడిలో తెలుగు చదివి, వీధిలో ఒడియా మాట్లాడి, పరీక్షకు ఇంగ్లీషు, హిందీ నేర్చుచున్నారు. ఒక భాష వచ్చినచో మరియొక భాష పోవునని భయపడు తల్లిదండ్రులు కొందరు కలరు. దాసుగారిని చూచినచో ఆ భయము తొలగును. ఆయనకు ఒక్కొక్క భాషయు ఇంటికి పెట్టిన యొక్కొక్క కిటికీ వంటిది; ఇల్లు మాత్రము తెలుగే.

1919వ సంవత్సరమున విజయనగర ప్రభువు విజయరామ గజపతి ఆ పట్టణమున సంగీత పాఠశాలను నెలకొల్పి, దానికి ప్రథమాధ్యక్షులుగా నారాయణదాసుగారిని నియమించిరి. అప్పటికి వారికి ఏబదియైదు సంవత్సరములు. ఆ పాఠశాలకు సంబంధించి ద్వారం వేంకటస్వామినాయుడుగారి వృత్తాంతము ప్రసిద్ధము. నాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగినవారు. కంటిచూపు మందమగుట వలన బడిచదువు సాగక, వయొలిన్‌నే ఆశ్రయించిరి. ఇరువదియారేండ్ల వయస్సున ఆ పాఠశాలలో విద్యార్థిగా చేరుటకు వచ్చి దాసుగారి ఎదుట వాయించిరి. దాసుగారు విని, ఇతనికి నేర్పవలసినది లేదు, ఇతడే నేర్పదగినవాడని గ్రహించి, ఆయనను వయొలిన్ ఆచార్యునిగా నియమింపజేసిరి. వినుట యెరిగినవాడే ఇతరుల గొప్పతనమును గుర్తింపగలడు. కుప్పుస్వామినాయుడుగారి కథను శ్రద్ధతో విన్న ఆ చెవులే, ముప్పదియారేండ్ల తరువాత ఈ నాయుడుగారి వాద్యమును కూడ అట్లే వినినవి.

1936వ సంవత్సరమున దాసుగారు ఆ పదవినుండి విరమింపగా, ద్వారం వేంకటస్వామినాయుడుగారే అధ్యక్షులైరి. మన ఇండ్లలో పాటలు మారుమ్రోగు గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కూడ ఆ కళాశాలలోనే చదివిరి. పూట గడవని స్థితిలో ఇంటింట మాధుకరము చేసికొని, పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద విద్య నభ్యసించిరి. ఒక యువకుడు ఒక రాత్రి కథ వినుట వలన వెలిగిన దీపము ఎన్ని దీపములను వెలిగించినదో చూడుడు.

దాసుగారు తమ తొలి జీవితమును నా యెఱుక యను స్వీయచరిత్రమున వ్రాసికొనిరి. అందు తమ గొప్పలనే కాక తమ పొరపాటులను కూడ దాచక చెప్పిరి. దృఢకాయులు, ఆత్మాభిమానము మెండుగ గలవారు. విద్య విషయమున ఎవరికిని తల వంచెడివారు కారు. కాని సామాన్య శ్రోతల ముందు మాత్రము వారు దాసులే. వృద్ధాప్యమున కూడ కథపై వారికి తీపి తగ్గలేదు. 1945వ సంవత్సరము జనవరి 2వ తేదీన, ఎనుబదియేండ్ల వయస్సున, దాసుగారు పరమపదించిరి.

వారి తరువాత హరికథను పెక్కుమంది కథకులు, స్త్రీలును పురుషులును, ఊరూర నిలిపిరి. గోదావరి సీమలోని కపిలేశ్వరపురమున హరికథను నేర్పుటకే యొక పాఠశాల వెలసినది. అయినను ఒక మాట దాచక చెప్పవలెను. శ్రీరామనవమి పందిళ్ళలో, దసరా ఉత్సవములలో హరికథ పెట్టు ఊళ్ళు తగ్గుచున్నవి. ఒకవేళ పెట్టినను ముందు వరుసలో పిల్లలు కనబడరు. దూరమున కుర్చీలలో నలుగురు పెద్దలు మాత్రము కూర్చుందురు. దాసు ఎంత చక్కగ పాడినను, తలయూపువారు లేనిచో ఆ పాటలో జీవము సన్నగిల్లును. కథ చెప్పు కళ కథకునితో మాత్రమే బ్రతుకదు, వినువారుకూడ కావలెను.

నేడు ఫోనులో ఏ పాట కావలసిన ఆ పాట వినవచ్చును కదా, పందిరికి పోవలసిన పని యేమని మీరడుగవచ్చును. ఫోనులో వినుట తప్పు కాదు. కాని ఫోనులోని పాటకు మీ ముఖము కనబడదు. మీరు నవ్వినను, నిద్రించినను అది యట్లే సాగును. పందిటిలో అట్లు కాదు. మీరు నవ్వినచో దాసు ఆ చమత్కారమును ఇంకొంత పెంచును. ఒక ముసలమ్మ కన్నీరు తుడుచుకొనినచో ఆ కీర్తనను మరియొక మారు పాడును. ప్రక్కన కూర్చున్న తాత ఒక కఠినపదమునకు మెల్లగ అర్థము చెప్పును. మీ పాఠ్యపుస్తకములో కంఠస్థము చేయుటకు కష్టముగ నున్న పద్యము, అచట రాగముతో విన్నచో ఒక్క రాత్రిలో నోటికి వచ్చును. మనవంటి ప్రాంతమున, తెలుగు బడిగోడల నడుమ మాత్రమే వినబడు ప్రమాదమున్న చోట, పదిమంది కూర్చుండి తెలుగు కథ విను ఆ పందిరియే మనకు రెండవ బడి.

కావున తల్లిదండ్రులకు ఒక విన్నపము. ఈ యేడు మీ వీధిలో గాని, ప్రక్క ఊర గాని హరికథయో, బుఱ్ఱకథయో, భజనయో, యక్షగానమో జరుగునని తెలిసినచో మీ పిల్లలను వెంటబెట్టుకొని పొండు. పరీక్షలున్నవని ఆపకుడు, ఒక్క రాత్రి వినికిడి వలన చదువు చెడదు. కథకుడు ఒడియావాడైనను సరే, కన్నడిగుడైనను సరే, వినుడు. మన హరికథయే అట్లు పరభాషలనుండి వచ్చినది కదా. విద్యార్థులారా, మీరు ముందు వరుసలో, చాపమీద కూర్చుండుడు. చిరుతల తాళమును, గజ్జెల నడకను కన్నులార చూడుడు. కథ ముగిసి హారతి పళ్ళెము వచ్చినపుడు మీ చేతనైనది వేయుడు. మరునాడు బడికి వచ్చి, విన్న కథను మీ మాటలలో మీ స్నేహితులకు చెప్పుడు. మీలో ఎవరి చెవిలో ఏ విత్తనము పడునో ఎవరెరుగుదురు? విజయనగరములో ఆ రాత్రి కథ వినుటకు కూర్చున్న పందొమ్మిదేండ్ల యువకుని చూచి, ఇతడే హరికథా పితామహుడగునని ఎవరనుకొనియుందురు?